కిటికీ లేని మైకు గది

పోయినవారం మీటరమ్మను మనం బస్ స్టేషను మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. ఒక చేతిలో శబ్దం కొలిచే మీటరు, ఇంకో చేతిలో రంగురంగుల బెలూన్ల పొట్లం, ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని స్టేషను మేనేజరు. వారం పాటు ఆమెను అలా నిలబెట్టిన పాపం నాదే. ఆమె కాళ్లు పీకకముందే లోపలికి తీసుకెళదాం.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మీటరమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. భవనాల్లో శబ్దం ఎలా నడుస్తుంది, ఎక్కడ తగిలి వెనక్కి వస్తుంది, దాన్ని మనుషులు ఎలా భరిస్తారు అని పరిశోధించే ఉద్యోగం ఆమెది. మీటరు లేనిదే గడప దాటదు కాబట్టి అత్తారింట్లో ఆ పేరు స్థిరపడింది. పెట్టిన మనిషి ఆమె ఆడపడుచు, అంటే భర్తకి అక్క. ఆ ఆడపడుచు ఈ స్టేషనులో ఏళ్ల తరబడి బస్సుల రాకపోకలు మైకులో చెబుతోంది. ప్రయాణికులకి ఆమె మైకమ్మ, మన మీటరమ్మకి వదిన.

పాత స్టేషను కూల్చి కొత్తది కట్టాక మైకమ్మ చెప్పేది ఒక్క ముక్క అర్థం కావడం లేదని ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. గొంతు పాతబడిపోయిందని మేనేజరు తేల్చేశాడు. రేపు రికార్డు గొంతు బిగించే కంపెనీవాళ్లు వస్తారు. మైకమ్మ వెళ్లి ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదిలో కూర్చుంటుంది. తప్పు గొంతుది కాదు, హాలుది అని మీటరమ్మ పట్టుబట్టింది. అది రుజువు చేయడానికి ఆమెకి దొరికింది ఈ ఒక్క మధ్యాహ్నం.

"ముందే చెప్పేస్తున్నా మేడం," అన్నాడు మేనేజరు. "మీరు ఆవిడ తమ్ముడి భార్య. మీ మీటరులో ఏ అంకె వచ్చినా, ఇంటి మీటరు ఇంటివాళ్ల మాటే వింది అంటారు. రేపు పైవాళ్లు అడిగితే నేను ఏ ముఖం పెట్టుకుని జవాబు చెప్పాలి?"

మనిషి కటువుగా మాట్లాడాడే గాని, అందులో అబద్ధం లేదు. మీటరమ్మకి కోపం రావలసింది, రాలేదు. తన దగ్గర చదువుకునే విద్యార్థులకి ఆమె మొదటిరోజు చెప్పే మాట కూడా అదే. వినాలనుకున్నది వినకు, ఉన్నది విను.

"అయితే మీటరు సంచీలో పెట్టేస్తున్నా," అంది. "వినడానికి నలుగురైదుగురు ప్రయాణికుల్ని మీరే పిలవండి. నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండొద్దు. మైకులో చెప్పింది విని, ఏం అర్థమైందో వాళ్లు మీ చెవిలో చెప్తారు. నేను నోరు మెదపను."

"ఆవిణ్ణి తప్పించడం నాకేం సరదానా మేడం?" అన్నాడాయన, గొంతు తగ్గించి. "పోయిన నెల ఒక పెద్దాయన సరిగ్గా స్పీకరు కిందే కూర్చున్నాడు. ఆస్పత్రిలో ఉన్న భార్య దగ్గరికి వెళ్లాలి. బస్సు వెళ్లిపోయిందని కూడా తెలీలేదు. నా గదిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించట్లేదు."

ఆ మాటతో మీటరమ్మకి ఆయన మీద ఉన్న చిరాకంతా దిగిపోయింది. వినబడకపోవడం అంటే ఏమిటో తెలిసిన మనిషితో పోట్లాట తేలిక. అసలు తెలియనివాడితోనే కష్టం.

హాలు మధ్యకి వెళ్లారు. చూడ్డానికి కన్నుల పండుగలా ఉంది. అద్దం గోడలు, మెరిసే రాతి నేల, ఎక్కడో ఆకాశంలో రేకు కప్పు. పాత స్టేషను రెండువైపులా తెరిచి ఉండేది, కప్పుకి చెక్క పలకలు ఉండేవి. వాన పడితే జల్లు కొట్టేది, ఎండాకాలం మలమల మాడ్చేది. ఆ బాధలన్నీ తీర్చాలనే దీన్ని కట్టారు. కట్టినవాళ్లు ఎండ గురించి ఆలోచించారు, వాన గురించి ఆలోచించారు, దుమ్ము గురించి కూడా ఆలోచించారు. మాట గురించి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మీటరమ్మ ఒక పసుపుపచ్చ బెలూను ఊది, ముడి వేసి, జుట్టులోంచి పిన్ను తీసింది.

"చెవులు మూసుకోకండి. ఊరికే వినండి."

ఢామ్మంది. గేటు దగ్గర కునుకు తీస్తున్న కాపలాదారు కుర్చీలోంచి లేచి నిలబడి ఎవరికో సెల్యూట్ కొట్టాడు. బెంచీ మీది పిల్లలు ఇంకోటి, ఇంకోటి అని కేకలు. కాని మేనేజరు వాళ్లని చూడటం లేదు. ఆయన తల మెల్లగా పైకెత్తాడు. పగిలిన బెలూను ముక్క నేలమీద పడి, కదలడం మానేసి, మీటరమ్మ వంగి దాన్ని తీసి సంచీలో వేసుకున్నాక కూడా ఆ చప్పుడు కప్పు కింద ఇంకా దొర్లుతూనే ఉంది.

"అది పోవట్లేదేంటి?" అన్నాడు.

"పోవడానికి దారేది? అద్దం వెనక్కి తోస్తుంది, రాయి వెనక్కి తోస్తుంది, రేకు వెనక్కి తోస్తుంది. ఒక మాట ఇంకా బతికుండగానే రెండో మాట వచ్చి దాని మీద పడుతోంది, రెండో దాని మీద మూడోది. ఇక గొంతు పెంచారనుకోండి, మాటతో పాటు ఈ మోత కూడా అంతే పెరుగుతుంది. లాభం సున్నా. కప్పుకి మోతను పీల్చుకునే మెత్త పలకలు వేస్తే తప్ప ఇది తగ్గదు."

మేనేజరు బెంచీల మధ్య తిరిగి తన మనుషుల్ని ఏరుకున్నాడు. గుడ్ల బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఒక మామ్మ. గుడ్డల మూట పక్కన పెట్టుకుని, మెళ్లో కొలత టేపు తీయడం మరిచిపోయి వచ్చిన ఒక దర్జీ. పుస్తకంలో తల దూర్చిన ఒక కాలేజీ అమ్మాయి. ఊళ్లు తిరిగి మందులు అమ్మే ఒక టై కట్టుకున్నాయన. అందరినీ తలో మూలా కూర్చోబెట్టాడు. పరీక్ష అనగానే కాలేజీ అమ్మాయి పెన్ను కూడా తీసింది, పాపం.

మొదట రికార్డు గొంతు. కంపెనీవాళ్లు మచ్చుకి పంపింది మైకు గదిలో ఉన్న కంప్యూటరులోంచి వేయించారు. తేనెలో ముంచి తీసిన గొంతు. హాలంతా ఆ తేనె పొంగి పారింది. మేనేజరు ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి చెవి ఒగ్గాడు.

టై ఆయన నీళ్లు నమిలాడు. దర్జీ బస్సు అన్న మాట మాత్రం కచ్చితంగా విన్నానన్నాడు. కాలేజీ అమ్మాయి పెన్ను మూసేసి, సిలబస్‌లో లేనిది అడిగినట్టు ముఖం పెట్టింది. గుడ్ల బుట్ట మామ్మ ఒక్కతే ఉత్సాహంగా ఉంది.

"గొంతు ఎంత బాగుందయ్యా! ఎవరమ్మాయి? పెళ్లయిందా?"

"ఏం చెప్పింది మామ్మగారూ?"

"చెప్పడమా? పాడింది కాదూ?"

మేనేజరు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. మీటరమ్మ ఇచ్చిన మాట ప్రకారం నోరు మెదపలేదు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆమె పెదవి ఎంత గట్టిగా కొరుక్కుందో ఆమెకే తెలియాలి.

"సరే, ఇప్పుడు మైకమ్మగారు," అన్నాడు.

వదిన మైకులోకి వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు, విరుచుకుపడింది. స్పీకర్లు కీచుమన్నాయి. మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ, సినిమా వదిలినప్పటి జనంలా ఒకేసారి బయటపడ్డాయి. దర్జీ రెండు చెవులూ మూసుకున్నాడు. ఈసారి బస్సు అన్న మాట కూడా ఎవరికీ దక్కలేదు.

మీటరమ్మ గోడ ఫోను అందుకుని పైన ఉన్న మైకు గదికి చేసింది. "వదినా, గొంతు తగ్గించు. నెమ్మదిగా చెప్పు. ముక్క ముక్కకీ మధ్య ఆగు. వింటున్నావా?"

అటు నుంచి ఊఁ అన్నట్టు ఏదో వినబడింది. మళ్లీ మైకు. మళ్లీ అదే విరుచుకుపడటం, ఇంకాస్త గట్టిగా.

మేనేజరు నవ్వలేదు. నవ్వి ఉంటే నయమే. జాలిగా చూశాడు. "మీరు చెప్పినా వినట్లేదు మేడం. ఇంకా ఏం చేద్దాం చెప్పండి."

"ఒక్క అవకాశం. నేను పైకి వెళ్లొస్తా."

మెట్లెక్కుతుంటే మీటరమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓడిపోతానని కాదు. ఇదే స్టేషనులో, ఇది పాతదిగా ఉన్నప్పుడు, ఆమెకి మొట్టమొదట వినిపించిన గొంతు అది. అప్పుడు ఆమె పెళ్లికాని పిల్ల. ఒంటరిగా మొదటిసారి ఊరు దాటి, ఈ చదువులో సీటు కోసం ఇంటర్వ్యూకి బయల్దేరింది. ఎక్కవలసిన బస్సు ఏదో తెలియక, అడగడానికి నోరు రాక, ఆకుపచ్చ సంచీ భుజాన వేసుకుని ప్లాట్‌ఫామ్ మీద బిక్కముఖం వేసుకుని నిలబడింది. అప్పుడు మైకులోంచి ఒక గొంతు, పక్కింటి అక్క పెరట్లోంచి పిలిచినంత చనువుగా, "ఆకుపచ్చ సంచీ అమ్మాయీ, కాలేజీకేనా? నీ బస్సు అటు కాదమ్మా, నీ వెనకే ఉంది, ఒక్కసారి తిరిగి చూడు" అంది. తిరిగి చూస్తే నిజంగానే బస్సు ఉంది. కాలేజీలో సీటు దొరికింది. గొంతు అనేది గాలిలో పడి ఇంత దూరం నడిచొచ్చి ఒక మనిషి చెయ్యి ఎలా పట్టుకుంటుందన్న ఆశ్చర్యం ఆ రోజు మొదలైంది, ఇంకా తీరలేదు.

ఆ గొంతు ఎవరిదో పెళ్లయ్యాక, కాపురానికి వచ్చిన మొదటి పూట, వంటింట్లోంచి కాఫీ కావాలా అని వినబడినప్పుడు తెలిసింది. ఉలిక్కిపడి గ్లాసు వదిలేసింది. కొత్తకోడలు చేతి పట్టు చూడండని అంతా నవ్వారు. అసలు సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. తరవాత అత్తగారు, శబ్దాలు కొలిచే చదువు కూడా ఒక చదువేనా, ఇక మానెయ్యమన్నప్పుడు వదినే అడ్డుపడింది. "నేను మాట్లాడి బతుకుతున్నా, అది విని బతుకుతుంది. తప్పేముందమ్మా?" అని తల్లి నోరు మూయించింది. మీటరమ్మ పరిశోధన రాసుకునే రోజుల్లో చంటిపిల్లను వదినే ఎత్తుకుని మైకు గదిలో జోల పాడేది. ఒకసారి మైకు ఆపడం మరిచిపోతే స్టేషనంతా ఆ జోల విని, ఒక డ్రైవరు స్టీరింగు మీద నిద్రపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత చేసిన మనిషికి ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పిందా అంటే లేదు. ఇంట్లో మనిషికి చెప్పబోతే నాలుక మడతపడుతుంది. రేపు చెబుదాం, పండగపూట చెబుదాం అనుకుంటూనే పిల్ల స్కూల్లో చేరిపోయింది.

మైకు గది తలుపు తీసింది. చిన్న గది, కిటికీ లేదు. మిషన్ల గది పక్కనే కావడంతో ఏసీ మోటారు రొద గోడలోంచి వస్తోంది. వదిన తలుపుకి వీపు పెట్టి, గోడకి ముఖం పెట్టి కూర్చుంది. మీటరమ్మ భుజం మీద చెయ్యి వేయగానే అదిరిపడింది.

"ఫోన్లో చెప్పాను కదా వదినా, నెమ్మదిగా చెప్పమని!"

"ఆ ఫోనూ ఒక ఫోనేనా? దోమ గుయ్‌మన్నట్టుంటుంది. ఏం చెప్పావో ఎవరికి తెలుసు?" వదిన కుర్చీ లాగి చూపించింది. "ఇలా ఎదురుగా కూర్చో. కూర్చుని చెప్పు."

మీటరమ్మ కూర్చుని అంతా చెప్పింది. వదిన ఆమె ముఖంలోకే చూస్తూ విన్నది.

"నేను గోడకి చెప్తున్నానే," అంది. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గోడకే. పాత గదిలో ఇంత కిటికీ ఉండేది, గుర్తుందిగా? కొండ మీది ఊళ్లకి బస్సు వచ్చిందని చెప్తే ఆ ఊళ్లవాళ్ల తలలు ఇటు తిరిగేవి. సంచీలు లేచేవి. లేవకపోతే వినలేదని అర్థం, మళ్లీ చెప్పేదాన్ని. చంటిపిల్లలతో ఉన్నవాళ్లు లేచి సర్దుకునేదాకా ఆగేదాన్ని. చెప్పడం సగం పనేనే. వాళ్లకి అందిందో లేదో చూసుకోవడం మిగతా సగం. ఈ గోడ తల తిప్పదు, సంచీ ఎత్తదు. వినబడట్లేదని ఫిర్యాదు వస్తే నాకు తెలిసింది ఒక్కటే, ఇంకాస్త అరవడం."

"అరిస్తే మోత పెరుగుతుంది వదినా."

"నాకేం తెలుసు? ఎవరైనా చెప్తేగా." వదిన నవ్వబోయింది గాని నవ్వు కుదరలేదు. "సామాన్ల గదికి పొమ్మంటే పోతా. కుర్చీ మెత్తగా ఉంటుందట. కాని ఎవరో మరిచిపోయిన గొడుగులతో ఏం మాట్లాడను చెప్పు?"

మీటరమ్మ లేచి నిలబడింది. బల్ల కింద అట్టపెట్టెలో ఒక వైరు లేని మైకు ఉంది. స్టేషను ప్రారంభం రోజున ఉపన్యాసాలకి తెచ్చి, అవి అయ్యాక మళ్లీ ఎవరూ ముట్టుకోనిది. దాన్ని తీసి వదిన చేతిలో పెట్టింది.

"కిందికి రా. గోడకి కాదు, మనుషులకి చెప్దువు గాని."

ఇద్దరూ దిగి వచ్చారు. మీటరమ్మ స్పీకర్ల జోరు సగానికి పైగా తగ్గించింది. వదిన హాలు మొదట్లో, అందరూ కనిపించేచోట నిలబడింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. హాలును ఒక చివర నుంచి ఇంకో చివరికి నెమ్మదిగా చూసింది. చాలాకాలం తరవాత పుట్టింటికి వచ్చి ఎవరెవరున్నారో చూసుకున్నట్టు చూసింది. ఆ చూపుకే కొన్ని తలలు లేచాయి.

"ఆస్పత్రి మీదుగా..." అంది. ఆగింది. కప్పు కింద ఆ మాట చల్లారేదాకా ఆగింది. "వంతెన దాటి..." మళ్లీ ఆగింది. "రేవుకి వెళ్లే బస్సు... ఎడమచేతి వైపు... ఆఖరి ప్లాట్‌ఫామ్ మీద ఉంది."

అరుపు లేదు, తేనె లేదు. ఇంట్లో మనిషి ఇంకో మనిషికి చెప్పినట్టుంది, అంతే. ఎడమవైపు బెంచీల్లో ఒకరిద్దరు సంచీలు అందుకున్నారు. మూల కూర్చున్న ఒక కుటుంబం కదల్లేదు. వదిన వాళ్లవైపు తిరిగి, ఇంకా నెమ్మదిగా, ఆఖరి ప్లాట్‌ఫామ్ అన్న మాట మళ్లీ చెప్పింది. వాళ్లూ లేచారు.

మేనేజరు మొదటి సాక్షి దగ్గరికి వెళ్లేలోపే ఆ సాక్షి లేచి నిలబడింది.

"నా బస్సే అది!" అంటూ గుడ్ల బుట్ట మామ్మ పరుగు అందుకుంది.

"మామ్మగారూ, ఏం విన్నారో చెప్పి వెళ్లండి! పరీక్ష!"

"నీకు చెప్తూ కూర్చుంటే బస్సు నీ తాత ఆపుతాడా!"

ఆవిడ వెనకే టై ఆయన కూడా, సారీ సార్ అంటూ ఎడమవైపుకి ఉరికాడు. తన సాక్షుల్లో సగం మంది తన కళ్లముందే బస్సెక్కి వెళ్లిపోతుంటే మేనేజరు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ ఎవరూ చెప్పి ఉండరు. మిగిలిన కాలేజీ అమ్మాయి విన్నదంతా పొల్లు పోకుండా అప్పజెప్పింది. రేవు బస్సు తనది కాకపోయినా!

దర్జీ మాత్రం అప్పజెప్పలేదు. మూట పక్కన పెట్టి, తిన్నగా వదిన దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీరేనా అమ్మా? పాత స్టేషనులో మీ గొంతు విని కళ్లు మూసుకుని బస్సెక్కేవాణ్ణి. మిషను ముందు కూర్చుని కూర్చుని చూపు మందగించింది, బోర్డులు చదవలేను. కొత్తది కట్టాక వచ్చినప్పుడల్లా వాళ్లనీ వీళ్లనీ అడుక్కోవాల్సి వస్తోంది. మీరు పోయారేమో అనుకున్నా." నాలుక కరుచుకున్నాడు. "అంటే, ఉద్యోగం నుంచి."

"ఎక్కడికీ పోలేదు బాబూ, పైన గోడతో కాపురం చేస్తున్నా," అంది వదిన. చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "మీరు ఎటు వెళ్లాలి?"

"కొండ కింది ఊరికి."

"ఇంకా టైముంది. కూర్చోండి. వచ్చినప్పుడు మీకు చెప్తాగా."

ఆయన పోయి కూర్చున్నాడు. ఇంక ఎటూ చూడనక్కర్లేదన్న ధీమాతో కళ్లు కూడా మూసుకున్నాడు. మేనేజరు అదంతా చూశాడు. ఆయన ముఖంలో బింకం కరిగిపోవడం మీటరమ్మ చూసింది. ఒక మనిషికి తను ఓడిపోయినందుకు అంత సంతోషం కలగడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మేడం, కంపెనీవాళ్లని ప్రస్తుతానికి రావద్దంటా," అన్నాడు. "పైగది గోడకి కిటికీ కొట్టిద్దాం. రేపే మేస్త్రీని పిలుస్తా. అందాకా ఇక్కడే ఒక బల్ల వేయిస్తా, ఆవిడ కింద నుంచే చెప్తారు. తరవాత మీరన్న ఆ మెత్త పలకలో ఏవో కప్పుకి వేయడానికి పైవాళ్లకి రాస్తా. నా కాళ్లావేళ్లా పడి రాయించుకున్నారని చెప్పను లెండి." ఆగి, మళ్లీ అన్నాడు. "థాంక్సండీ. ఆ పెద్దాయన మళ్లీ వస్తే నేను ముఖం చూపించగలను."

మీటరమ్మకి కడుపు నిండినట్టయింది. హాలులో ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, గేటు దగ్గర కాపలాదారుకి పెట్టింది. ఆయన ఈసారీ సెల్యూట్ కొట్టాడు.

కింద బల్ల వేసేదాకా మైకు గదిలో తన వస్తువులు సర్దుకుంటానని వదిన పైకి వెళ్లింది. కాసేపటికి మీటరమ్మ కూడా వెళ్లింది. క్యాంటీనులో రెండు టీలు పట్టుకుని మెట్లెక్కుతున్నప్పుడే నిశ్చయించుకుంది. ఇవాళ చెప్పేయాలి. నాలుక మడత పడితే పడనీ.

తలుపు తీసే ఉంది. వదిన ఆమెకి వీపు చేసి, గోడకి అతికించిన పాత ఫొటో ఒకటి జాగ్రత్తగా ఊడదీస్తోంది. మీటరమ్మ కూతురు చంటిపిల్లగా ఉన్నప్పటి ఫొటో, ఈ గదిలో కాదు, ఆ కిటికీ ఉన్న పాత గదిలో తీసింది. మీటరమ్మ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖాముఖి కాకపోవడమే మేలనిపించింది.

"వదినా," అంది గుమ్మంలోంచే. "నీకొక సంగతి ఎన్నేళ్ల నుంచో చెప్పాలనుకుంటున్నా. చాలా కాలం కిందట, ఆకుపచ్చ సంచీ వేసుకున్న పిల్లని మైకులో పిలిచి బస్సెక్కించావు. నీకు గుర్తుండదు. ఆ పిల్లని నేనే. ఆ రోజు నువ్వు పిలవకపోతే నాకు ఈ చదువు లేదు, ఈ ఇల్లు లేదు, ఏమీ లేదు. నీ ఋణం నేను తీర్చలేను వదినా."

వదిన ఫొటో మూల గోరుతో గీకుతోంది.

ఏడుపు ఆపుకుంటోందనుకుంది మీటరమ్మ. ఆమెకీ ఏడుపు వస్తోంది మరి. కొంచెం ఆగి, మళ్లీ అంది. "వదినా. నేనే ఆ పిల్లని."

ఫొటో ఊడి వచ్చింది. వదిన దాన్ని చెంగుతో తుడిచింది. సన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది.

మీటరమ్మ నాలుగడుగులు వేసి, వదిన ముందుకి వెళ్లి నిలబడింది.

"అమ్మో!" వదిన గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎప్పుడొచ్చావే? పిల్లిలా వచ్చి నిలబడితే ఎలా? పిలవచ్చుగా!"

మోటారు రొద ఉంది, నిజమే. కాని ఈ రొదలో మామూలు చెవికి ఈ దూరం నుంచి మాట అందుతుందో అందదో చెప్పడం మీటరమ్మ వృత్తి. అందుతుంది. దోమ గుయ్‌మన్నట్టుండే ఫోను గుర్తొచ్చింది. భుజం మీద చెయ్యి వేస్తే అదిరిపడటం గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరేం చెప్పబోయినా ఎదురుగా కూర్చుని చెప్పమనడం, టీవీ మోత మీద తమ్ముడితో రోజూ జరిగే తగువు, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఊరంతా తిరిగి హాళ్లు కొలిచింది, బడులు కొలిచింది. ఒకే ఇంట్లో ఉన్న మనిషిని ఎప్పుడూ కొలవలేదు.

"ఏంటే, అలా చూస్తావు? టీ చల్లారిపోతోంది," అంటూ వదిన గ్లాసు అందుకుంది. కుర్చీ కోసం వెనక్కి తిరగబోయి, గుమ్మం వైపు చూసింది.

మేనేజరు నిలబడి ఉన్నాడు. కింద బల్ల వేయించానని చెప్పడానికి వచ్చినట్టున్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. అయితే ఆయన కళ్లు మీటరమ్మ ఇందాక మాట్లాడిన చోటునీ, వదిన నిలబడిన చోటునీ మార్చి మార్చి చూస్తున్నాయి. మధ్య దూరాన్ని లెక్క కడుతున్నాడు.

"మేడం," అన్నాడు చాలా మెల్లగా, దాదాపు పెదవులతోనే. "మీ మీటరు చెవుల్ని కూడా కొలుస్తుందా?"

ఆ మాట వదినకి వినబడే ప్రసక్తే లేదు. కాని ఆమె ఆయన పెదవులవైపే చూస్తోంది. ఆ కదలిక చదివి, నోటిదాకా తెచ్చిన టీ గ్లాసుని తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.